నలభై ఏడో నంబరు రాయి

మా బర్రెను కట్టేసే రాయి మీద తెల్లరంగుతో 47 అని రాసి ఉంటుంది. కొత్తగా పాలకు వచ్చినవాళ్లు నవ్వుతూ అడుగుతారు, మీకు నలభై ఏడు బర్రెలున్నాయా అని. ఉన్నవి రెండు, పోయిన ఎండకాలం పుట్టిన దూడతో మూడు. వాటికి నంబర్లు లేవు. ఆ నంబరు రాయిది. రాయి ఒక రైతుది. ఆ రైతును నేను ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ ఆయన కారు దిగేముందు, కాలు ఎక్కడ పెట్టాలా అని నేలవైపు ఒకసారి అనుమానంగా చూసుకున్నాడు.

రైతు అన్న మాట నేను వెటకారంగా రాయడం లేదు. ఆయన పాసుబుక్కులో అట్లాగే ఉంది.

మా ఊరు సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ నడుమ ఉంటుంది. మా ఇంటి వెనక తొమ్మిది ఎకరాల నల్లరేగడి. మా మామ బతికినన్నాళ్లూ దాన్ని పాలుకు చేశాడు, పండినదాంట్లో సగం పట్టాదారుకు కొలిచి ఇచ్చేవాడు. మామ పోయిన ఏడాదికే పట్టాదారు ఆ భూమి అమ్మేశాడు. కొన్నాయన ముందు ఒక కమాను కట్టించాడు, దానికి అటొకటి ఇటొకటి సిమెంటు ఏనుగులు. లోపల మొరం రోడ్లు పోయించి, నంబర్లు రాసిన రాళ్లు పాతించి, గుంటల లెక్కన ఫార్మ్ ప్లాట్లు అని పట్నం వాళ్లకు అమ్మాడు. అమ్మడం అయిపోగానే ఆఫీసు ఎత్తేశాడు. ఏనుగులు మిగిలాయి. ఒకదానికి తొండం విరిగింది.

కాగితాల్లో మాత్రం అది ఇంకా పొలమే. కాబట్టి ప్లాటు కొన్న ప్రతివాళ్లకూ పాసుబుక్కు వచ్చింది. పాసుబుక్కు ఉన్న ప్రతివాళ్లకూ సర్కారు పంటకు ఇంత అని ఇచ్చే పెట్టుబడి సాయం ఖాతాలో పడుతూ వచ్చింది. మూడు గుంటలకు వచ్చే సాయం ఎంతని? వాళ్లు ఇక్కడిదాకా వచ్చిపోయే కారు నూనెకు చాలదు. అయినా ఒక పంటకు ఆలస్యమైతే మా వాకిట్లోకి వచ్చి, మీ ఊళ్లో పడిందా, మాకింకా పడలేదే అని మా ఆయన్ను అడిగేవాళ్లు. మాకు సెంటు భూమి లేదని వాళ్లకు తెలుసు. భూమి దున్నిన మామకు ఏనాడూ పడలేదన్న మాట నేను ఎత్తను. అది అందరూ ఎత్తేదే. మామ కూడా ఎత్తలేదు.

నేను బడికి పోలేదు. మా నాన్న సంగారెడ్డిలో దర్జీ. కొలతలకు పాత పేపర్లు కత్తిరించేవాడు. ఆ ముక్కలు ముందు పెట్టి నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. చంక దగ్గర గుండ్రంగా కత్తిరించగా తెగిపోయిన వార్తల్లో పోయిన మాటేమిటో ఊహించి చదవాలి. ఖురాను మా అమ్మ నేర్పింది. ఆమె నేర్పిన వాటిలో ఒకటి అమానత్. ఎవరైనా నమ్మి ఒక వస్తువు అప్పగిస్తే, ఇచ్చినవాడు మంచివాడా చెడ్డవాడా అని చూడకుండా, ఇచ్చినది ఇచ్చినట్టు తిరిగి అప్పగించాలి. ఈ రెండు చదువులకూ నేను రోజూ అల్లాకు షుక్ర్ చెప్పుకుంటాను. ఈ రాళ్ల వ్యవహారంలో నాకు పనికొచ్చినవి ఆ రెండే.

వానలు వెనకపట్టే రోజుల్లో ఒక వార్త పుట్టింది. ఈసారి సాగులో ఉన్న భూమికే సాయం, లేఅవుట్లకు, గుట్టలకు, రోడ్లకు ఇవ్వరు, సార్లు వచ్చి ఒక్కొక్క సర్వే నంబరు చూసి ఫోటో తీసుకుంటారు అని. ఆ ఆదివారం కమాను కింద కార్లు బారులు తీరాయి. ప్లాట్లవాళ్ల సంఘానికి ఒక అధ్యక్షుడు ఉన్నాడు. కోస్తా వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే స్థిరపడిన పెద్దమనిషి. సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. ఫోన్లో తమ గ్రూపు పేరు మార్చామని మా ఆయనకు చూపించి మురిసిపోయాడు. ఓనర్స్ అన్నచోట ఫార్మర్స్ అని పెట్టుకున్నారు.

"చూడు భాయ్, ఆ రాళ్లు కనపడకూడదు. అవి పీకేసి మీ దొడ్లో పెట్టుకోండి. దున్నకం ఖర్చు సంఘానిదే. జొన్నో, సజ్జో, మీకు తోచింది వేసుకోండి. పంటంతా మీదే, ఒక్క గింజ అడగం. మాకు కావాల్సింది ఫోటో."

"కౌలు లెక్కనా సార్?" అన్నాడు మా ఆయన.

ఆయన ముఖం మాడిపోయింది. "ఆ మాట మటుకు నోట్లోంచి రానీయకు. కౌలు అన్నారంటే రేపు మీకేవో హక్కులంటారు. అడిగితే కూలివాళ్లమని చెప్పండి. అంతేగా అమ్మా?"

నేను చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చాను. నిజం చెప్పాలంటే నాకు ఆయన మాటల్లో ఒక్కటే వినిపించింది, పంటంతా మీదే.

ఎందుకంటే ఆ ఏడు మా ఇంట్లో పెద్ద గండం గడ్డిది. మా ఆయన గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. కాంట్రాక్టరు నెలలో సగం దినాలు కోసేశాడు. ఇల్లు నడిచేది రెండు బర్రెల పాల మీద. వాగు పక్క మేపుదామంటే ఫ్యాక్టరీల మురికి కలిసిన ఆ నీళ్లలో పశువు మూతి పెట్టదు. ఎండకాలానికి గడ్డి కొనలేక, చూడితో ఉన్న పెద్దబర్రెను సదాశివపేట అంగడికి తోలుదామని మా ఆయన దళారికి మాట కూడా ఇచ్చి ఉన్నాడు. తొమ్మిది ఎకరాల జొన్నసొప్ప అంటే ఆ బర్రె మా వాకిట్లోనే ఈనుతుంది. ఇంట్లోకి గింజలు వేరే.

రాళ్లు పీకడానికి నేను, మా ఆయన, పక్కింటి అవ్వ వంగాం. అవ్వ మా మామతో పాటు ఆ భూమిలో కలుపు తీసిన మనిషి, నోరు కాస్త గరుకు. గడ్డపారతో కదిలించి, తాడు కట్టి లాగి, ఒక్కొక్కటి తెచ్చి మా దొడ్డి గోడకు ఆనించాం. నూటికి పైనే ఉన్నాయి. మొదటి రోజే నేను అధ్యక్షుడికి ఫోన్ చేయించాను, ఏ రాయి ఎక్కడిదో రాసుకోవడానికి ఎవరైనా వస్తారా అని.

"అవసరం లేదమ్మా, మా దగ్గర ప్లాట్ల నకాశా ఉంది. మీరు పీకేయండి" అన్నాడు.

నకాశా ఉంటే ఉండనీ. వస్తువు మా దొడ్లోకి వచ్చాక అమానత్ మాది. రాయి పీకిన గుంతలో ఒక తట్టెడు పొయ్యి బూడిద పోసి, కాలితో గట్టిగా తొక్కుతూ పోయాను. ఇంట్లో బూడిద అయిపోతే అవ్వ ఇంటిది, అదీ అయిపోతే ఇటుకబట్టీ దగ్గరిది తెచ్చాను.

"సాయిబులమ్మ గుంతలకు విబూది పెడుతున్నదేందో!" అని అవ్వ నడుం మీద చేతులు పెట్టుకొని నవ్వింది. "ఇగ కొబ్బరికాయ గూడ కొట్టు బిడ్డా, పున్నెముంటది."

"నువ్వు కొట్టవ్వా, చిప్ప నాకియ్యి" అన్నాను.

ట్రాక్టరు దున్నిపోయాక నల్లమన్నులో బూడిద తెల్లగా మచ్చలు మచ్చలుగా తేలింది. మచ్చకు మూడేసి ఆముదం గింజలు పెట్టాను, పక్కన ఒక పుల్ల గుచ్చాను. తర్వాత జొన్న వేశాం. పాత రోజుల్లో మా మామ కూడా గట్టు తెలియడానికి జొన్నకు అంచుగా ఆముదం పెట్టేవాడు. ఆముదం పశువు ముట్టదు, కోత తర్వాత కూడా నిలబడి ఉంటుంది. ఈ పద్ధతి ఈ చుట్టుపక్కల మేకలు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. ఫార్మర్స్ గ్రూపులో ఎవరికీ తెలియదని నాకు అప్పటికి తెలియదు. కారున్నవాళ్లకు ఇంతకంటే ఎక్కువే తెలిసి ఉంటుందని అనుకునేదాన్ని.

చలికాలం మంచు బాగా కురిసింది. రేగడి నేలకు ఆ మంచే తడి. జొన్న మనిషెత్తు దాటింది. కంకి వేసి గింజ పాలుపోసుకునే రోజుల్లో, పిట్టలను కొట్టడానికి పొద్దున్నే పళ్లెం మోగిస్తూ ఉన్నాను, వ్యవసాయ ఆఫీసు నుంచి మేడం వస్తున్నదని కబురు వచ్చింది. చిన్న వయసు పిల్ల. స్కూటీ మీద వచ్చింది, బురద అంటిన చెప్పులతో. ఆమెకంటే ముందే పదకొండు మంది ప్లాట్లవాళ్లు వచ్చి కమాను కింద నిలబడ్డారు.

ఫోటోలో పట్టాదారు పంటలో నిలబడి ఉండాలట. నన్ను గట్టు మీదికి జరగమంటే జరిగాను. అధ్యక్షుడు మా ఆయన మెడలోని తువ్వాలు అడిగి తీసుకొని, రెండుసార్లు దులిపి, తన భుజం మీద వేసుకున్నాడు. ఆయన ఫోటో కాగానే ఆ తువ్వాలు రెండో ఆయన మెడకు పోయింది, ఆయన నుంచి మూడో ఆయనకు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒకామె నా చేతిలో కొడవలి తీసుకొని, ఎట్లా పట్టుకోవాలమ్మా అని అడిగింది. కలుపు పీకే చిన్నపిల్లలు కూడా కొడవలి అట్లా పట్టరు. పదకొండు మంది రైతులకు ఒకటే తువ్వాలు, ఒకటే కొడవలి, ఒకటే జొన్న. చివరికి తువ్వాలు తిరిగి వచ్చినప్పుడు అది సెంటు వాసన కొట్టింది. మా ఆయన దాన్ని మళ్లీ మెడలో వేసుకోలేదు. మడిచి సంకలో పెట్టుకున్నాడు.

మేడం అధ్యక్షుణ్ణి అడిగింది. "ఏ రకం ఏసిన్రు సార్?"

"మంచి రకమేనండీ."

"ఇప్పుడు ఏ దశల ఉన్నది?"

ఆయన కంకివైపు చూశాడు. కంకి ఆయనవైపు చూసింది. "పూత అయిపోయిందండీ. ఇక కాయ పడాలి."

గట్టు మీద నా పక్కన అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "జొన్నకు కాయ గాస్తదట! కాసినంక కోసుకొచ్చి కూరొండుకుందాం పట్టు" అంది, గుసగుస అనుకుంటూ. ఆ గుసగుస కమానుదాకా వినిపించి ఉంటుంది.

మేడం నవ్వలేదు. ఫోన్లో ఏదో నొక్కుకుంటూ చేలో నాలుగు అడుగులు వేసి, ఆగి, నన్ను పిలిచింది.

"అక్కా, జొన్న ఎవరు ఏసిన్రు?"

కూలివాళ్లమని చెప్పమన్న మాట నాకు గుర్తుంది. మా ఆయన కళ్లతో సైగ కూడా చేశాడు. కానీ కూలి తీసుకోనిదాన్ని కూలిదాన్ని ఎట్లా అవుతాను? "నేనే ఏసిన మేడం."

"గీ ఆముదం చెట్లేంది, గళ్ల చీర లెక్క వరుసగున్నయ్?"

"హద్దులు మేడం. రాళ్లు తీసినకాడ పెట్టిన."

ఆ పిల్ల నన్ను చూసింది, మెడలో తువ్వాలు లేని పదకొండు మందిని చూసింది, సిమెంటు ఏనుగులను చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. అర్థమైనదాన్ని రాసే జాగా ఫోన్లో లేదు. "పంట ఉన్నదా లేదా, గంతే అడుగుతది అక్కా ఇది. ఏసినోళ్లు ఎవరని అడగది. పంటైతే ఉన్నది" అని, ఉన్నది అన్న గడి నొక్కి వెళ్లిపోయింది. జొన్నకు ఆ ఫోన్లో చోటుంది, జొన్న వేసినదానికి లేదు. అయినా నన్ను అక్కా అని అడిగింది గనక ఆ పిల్ల కోసం ఆ పూట దువా చేశాను. హద్దులు అన్న మాట అధ్యక్షుడి చెవుల్లోనూ పడింది. ఆయన అప్పుడు బూటుకు అంటిన మన్ను గట్టు రాయికి గీకుతున్నాడు.

వారం తిరగకుండానే ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి చాయ్ కూడా వద్దన్నాడు.

"పని అయిపోయిందమ్మా. రాళ్లు మళ్లీ పాతేయాలి. మనవాళ్లలో ఒకాయన ప్లాటు అమ్ముకుంటున్నాడు, శుక్రవారం కొనేవాళ్లొస్తున్నారు. ఆ మొక్కజొన్న కోసేయండి."

"అది జొన్న సార్" అన్నాడు మా ఆయన.

"ఏదో ఒకటి. కోసేయండి."

"గింజ ఇంకా పాలమీదున్నది సార్. నెల పడ్తది. ఇప్పుడు కోస్తే గింజ రాదు, సొప్ప గూడ కుళ్లిపోతది. పంటంతా మాదే అన్నరు గద."

"అన్నాను. మీదే. కాదన్నానా? మీ పంటను మీరు కోసుకోమంటున్నాను."

అంత శుభ్రమైన అన్యాయం నేను అంతకుముందు వినలేదు. మాట తప్పలేదు ఆయన, మాటను మా మీదికే తోలాడు. మా ఆయన తల వంచుకొని నిలబడ్డాడు. సార్ అన్న పిలుపు అలవాటైన మెడ అది, జల్దీ లేవదు. వాకిట్లో పెద్దబర్రె కడుపు బరువుతో పక్కకు వాలి నెమరు వేస్తూ ఉంది.

మరుసటి పొద్దున నకాశా పట్టుకొని పది మంది దిగారు, టేపులతో, సున్నం సంచులతో. నకాశా అంటే రంగుల కాగితం. దాంట్లో ఈతకొలను, ఉయ్యాల, పచ్చిక మీద నవ్వే కుటుంబం, అన్నిటి కింద చిన్నచిన్న గళ్లు. కొలతలన్నీ ఒకటో నంబరు రాయి నుంచి మొదలు పెట్టాలని అందులో రాసి ఉంది.

"ఒకటో నంబరు ఎక్కడుందమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"మా పెంటకుప్ప పక్కన ఉంది సార్. అన్నిటికంటే ముందు అదే పీకమన్నరు."

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకాయన కమాను నుంచి కొలవమన్నాడు, ఒకాయన కరెంటు స్తంభం నుంచి కొలవమన్నాడు. స్తంభాన్ని రోడ్డు వెడల్పు చేసినప్పుడు జరిపారని ఇంకొకాయన గుర్తుచేశాడు. నలభై ఏడో నంబరాయన, నలభై ఎనిమిదో నంబరాయన, మొన్న ఒకే తువ్వాలు పంచుకున్నవాళ్లు, ఏం మాట్లాడుతున్నావయ్యా అంటే ఏం మాట్లాడుతున్నావయ్యా అనుకున్నారు. టేపు పట్టుకొని చేలోకి చొరబడ్డారు. కంకులు విరిగిన చప్పుడు నాకు గట్టు మీదికి వినిపించింది.

వాళ్లలో ఇద్దరు చేలో ఆముదం చెట్టుకు ఆనుకొని ఆయాసం తీర్చుకున్నారు. కళ్లద్దాల ఆమె ఒక ఆముదం ఆకు తుంచి, ఎండకు నెత్తిన పెట్టుకుంది. వాళ్లు వెతికేది వాళ్ల వీపు కింద ఉంది, వాళ్ల నెత్తి మీద ఉంది. తల ఎత్తి ఆ చెట్టు నుంచి ఇంకో చెట్టుదాకా ఒక్కసారి చూస్తే చాలు. ఒక్కరూ చూడలేదు. సర్కారు వీళ్లను రైతులని నమ్మి సాయం పంపుతుంది. వీళ్లను వీళ్లే రైతులమనుకుంటారు. భూమికి మాత్రం వీళ్లెవరో తెలియదు.

అధ్యక్షుడు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "మీరే కదమ్మా పీకింది. జాగాలు మీకు గుర్తున్నాయా?"

అబద్ధం చెప్పకూడదు. "గుర్తులు పెట్టిన సార్. ఒక్క జాగా పోలేదు. పంట కోసినంక నేనే నిలబడి చూపిస్త."

"ఇప్పుడే చూపించండి."

"ఇప్పుడు చూపిస్తే మీరు పంటల పాతిపెడ్తరు. పంట నాది అన్నరు."

ఆయన గొంతు మారింది. "చూడమ్మా, మర్యాదగా అడుగుతున్నాను. రేపు జేసీబీ పెట్టి మొత్తం చదును చేయించానంటే మీ జొన్నా ఉండదు, గిన్నా ఉండదు."

మా ఆయన నా కొంగు పట్టి లాగాడు. ఇంట్లో మా మాట ఉర్దూ. వదిలెయ్, పెద్దవాళ్లతో మనకెందుకు, బర్రెను అమ్ముకుందాం అని మెల్లగా అన్నాడు. నేను కొంగు విడిపించుకున్నాను. నోట్లో ఉన్నది నిజమే గనక నోరు వణకలేదు.

"పెట్టియ్యండి సార్. గుర్తులు చేన్లనే ఉన్నయ్. జేసీబీ ఎక్కితే గుర్తులు గూడ పోతయ్. తర్వాత నన్నడిగినా నాకు తెల్వది, మీ కాగితానికి తెల్వది. ఆ మీదికి మీరందరు ఇక్కడనే కొలుచుకుంట కూసోవాలె."

అవ్వ వెనక నుంచి అందుకుంది. "పెట్టియ్యి సారూ, పెట్టియ్యి! నువ్వు రైతువైతివి గద, నీ భూమి నీకు దారి జూపియ్యదా? పిలువు, పలుకుతదేమో!"

ఎవరో నవ్వారు, వాళ్లలోనే. నలభై ఏడాయన, నలభై ఎనిమిదాయన ఒక్కసారిగా జేసీబీ వద్దన్నారు. జొన్న మీద జాలితో కాదు. ఒకరి జానెడు ఇంకొకరికి పోతుందన్న భయంతో. కొనేవాళ్లకు ఏదో ఒకటి చెప్పి నెల జరుపుదామని తీర్మానం చేసుకున్నారు. వాళ్ల గ్రూపులో అందరూ దానికి దండం గుర్తు పెట్టారట.

ఆ రోజు పొద్దు వాలే వేళ అసర్ నమాజులో నాకు మనసు నిలవలేదు. దేవుడా, వీళ్ల కళ్లు మూసినందుకు షుక్ర్ అని నోటిదాకా వచ్చింది. ఎదుటివాడి గుడ్డితనానికి షుక్ర్ చెప్పొచ్చా అని మా అమ్మను అడగాలనిపించింది. అమ్మ లేదు. చివరికి ఆముదం చెట్లకు చెప్పుకున్నాను, వాటిని మొలిపించినవాడికి చెప్పుకున్నాను. వాళ్ల సంగతి వదిలేశాను. మనసులో వాళ్ల మీద ఉన్న ఏవగింపును మాత్రం వదల్లేకపోయాను. దాన్ని సజ్దాలో నుదుటితో పాటు నేలకు ఆనించి, లేచేటప్పుడు మళ్లీ వెంట తీసుకొచ్చుకున్నాను.

నెలకు జొన్న పండింది. తొక్కినంత మేర పోయింది, మిగిలింది చాలింది. కంకి కోసి, సొప్ప కట్టలు కట్టి, దొడ్లో రాళ్ల పక్కన గోడకంటే ఎత్తుగా వామి వేశాం. దళారి వస్తే మా ఆయన బేరం లేదని చెప్పి చాయ్ తాపి పంపాడు. పెద్దబర్రె ఎండలు ముదరకముందే ఈనింది, ఆడదూడ. అవ్వ జున్ను తినడానికి వచ్చి, దూడ మూతి చూసి, ఇది ఫోటోల పడ్డ జొన్న తిన్న దూడ, దీనికి గూడ పాసుబుక్కు అడుగుండ్రి అంది.

కోత అయిన ఆదివారం ప్లాట్లవాళ్లందరినీ పిలిపించాను. జొన్న పోయిన చేలో ఆముదం చెట్లు మాత్రం నిలబడి ఉన్నాయి, అటు నాలుగు ఇటు నాలుగు, గళ్లు గళ్లుగా, కమాను నుంచి వాగుదాకా. అధ్యక్షుడు చాలాసేపు ఏనుగు పక్కనే నిలబడ్డాడు. కళ్లద్దాల ఆమె అద్దాలు తీసి చూసింది.

"ఇవి అప్పుడు కూడా ఉన్నాయా?" అన్నాడు ఆయన.

"ఉన్నయ్ సార్. మీరు ఆనుకొని నిలబడ్డరు."

"ముందే చెప్పొచ్చుగదమ్మా."

"రైతులు గద సార్, సూస్తే తెలుస్తదనుకున్న."

నా జన్మలో నేను ఒక పెద్దమనిషిని అంత మాట అన్నది అదొక్కసారే. తర్వాత తప్పైందని తౌబా చేద్దామనుకున్నాను. ఇప్పటిదాకా కుదరలేదు.

ఒక్కొక్క చెట్టు మొదట్లో ఒక్కొక్క రాయి పెట్టించాను. ఏ వరుసలో ఏ నంబరో నాకు నోటికి వచ్చు, నాన్న పేపరు ముక్కల్లో పోయిన మాటల్లాగే. నలభై ఏడుకు నలభై ఎనిమిదికి నడిమి మూలన మాత్రం చెట్టు లేదు. టేపుల రోజు దాన్ని ఎవరో తొక్కి మొదలంటా విరిచేశారు, వాన చుక్క పడక మోడు కూడా ఎండి మాయమైంది. ఇక్కడ మూరెడు అటో ఇటో, నాకు తెలియదు అని ఉన్నమాట చెప్పాను. విరిచింది ఎవరని ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మూరెడు కోసం ఇద్దరూ ఇప్పుడు సంగారెడ్డి కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. ఇద్దరికీ సాయం మాత్రం పడుతూనే ఉంది. ఆ మూరెడు ఎవరి లెక్కలో పడుతున్నదో నేను అడగలేదు.

పాతడానికి జాగా తేలని ఆ రాయి తీసుకుపొమ్మని నలభై ఏడాయనకు మూడుసార్లు చెప్పించాను. తేలేదాకా మీ దగ్గరే ఉండనీయండి, వాడుకోండి అన్నాడు. వాడుకోమన్నాడు గనక వాడుకుంటున్నాను. బర్రె దానికి వీపు రాసుకుని రాసుకుని నాలుగులో సగం అరిగిపోయింది. ఉన్నంత మటుకు కాపాడదామని రాత్రిపూట ఏడు వైపు గోనెసంచి చుడుతున్నాను.

మొన్న మళ్లీ వానలు వెనకపట్టాయి. అధ్యక్షుడి ఫోన్ వచ్చింది. గొంతులో తేనె.

"బాగున్నారా అమ్మా? మళ్లీ సర్వే అంటున్నారమ్మా. పోయినసారిలాగే..."

నేను వామి వైపు చూశాను. అడుగున రెండు వరుసల సొప్ప మిగిలి ఉంది. దూడ దాన్ని లాగి తింటూ ఉంది.

"చేస్తం సార్. కోత అయ్యేదాక చేన్ల అడుగు పెట్టం అని మీ అందరు కాగితం మీద రాసియ్యాలె. ఇంకో మాట, నాకు పది దినాలు టైం కావాలె. బూడిద జమ చేసుకోవాలె."

"కాగితం సరే. బూడిదెందుకమ్మా?" అన్నాడు రైతుల సంఘం అధ్యక్షుడు.